దిగాక నాలుగడుగులు

గురువారం గురువారం కృపారావుకి గడ్డం గీసేది నేనే. రెండేళ్ళుగా ఆ పని నాది.

కృపారావు నింపురా రైల్వే యార్డులో షంటింగ్ ఇంజన్ డ్రైవరు. నేను షంటింగ్ జమాదారుని. అంటే వ్యాగన్లను ఒక లైనులోంచి ఇంకో లైనులోకి తోయించి, ఒకదానికొకటి తగిలించి, గూడ్సు బండి కట్టించేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు మేమిద్దరం ఒకే ఇంజన్ మీద తిరిగాం. మా ఇద్దరికీ రెస్టు గురువారమే. ఆ రోజు ఖరిదాలో ఒకే సెలూనుకి వెళ్ళి, పక్క పక్క కుర్చీల్లో కూర్చుని గడ్డాలు గీయించుకునేవాళ్ళం. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. కృపారావు సాలువా రోడ్డులో ఇల్లు కట్టుకుని వెళ్ళిపోయినా గురువారం వచ్చేవాడు.

తర్వాత అతనికి పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. ఒక్క మాట మిగిలింది. ఠీక్. ఆకలేసినా ఠీక్. వద్దన్నా ఠీక్. కోపమొచ్చినా ఠీక్. మనమే మొహం చూసి తెలుసుకోవాలి.

ఇంటికి మంగలిని పిలిపిస్తే ఎడంచేత్తో తోసేశాడు. కొడుకు ఆమోసు గీయబోతే తల అటూ ఇటూ తిప్పాడు, దవడ దగ్గర తెగింది. ఇంక ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు తెల్లటి గడ్డం మొహమంతా కప్పేసి ఉంది. పోల్చుకోలేకపోయాను.

"నన్ను గియ్యమంటావేటి?" అని అడిగాను.

గడ్డం పైకెత్తాడు. "ఠీక్" అన్నాడు.

అలా మొదలైంది. మేం వెళ్ళే సెలూను మూసేసేటప్పుడు అక్కడి మంగలి సగం బ్లేడు పెట్టే కత్తి ఒకటి నాకిచ్చాడు. దాంతోనే గీసేవాణ్ణి. కృపారావు కోడలు షైని వేడినీళ్ళు పెట్టి, తువ్వాలు కప్పి, వంటపనిలోకి వెళ్ళిపోయేది. నాకు గంట పట్టేది. గీయడానికి అంతసేపు పట్టదు. మాట్లాడ్డానికి పట్టేది.

ఆ ఏడే నా భార్య అప్పలనర్సమ్మ పోయింది. మా ఇంట్లో మేం ముగ్గురం. కొడుకు గిరిబాబు వర్క్‌షాపులో, కోడలు మీనాకుమారి బడిలో. పొద్దున్న ఎనిమిదికి ఇద్దరూ వెళ్ళిపోతారు. సాయంత్రం అలిసిపోయి వస్తారు. మంచివాళ్ళే. అన్నం వండి మూతపెట్టి వెళ్తారు, మందులు వేసుకున్నావా అని ఫోను చేస్తారు. కానీ పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆ ఇంట్లో నా గొంతు నాకే వినపడదు. ఒక్కోసారి సాయంత్రం మొదటి మాట బయటికి వచ్చేటప్పుడు గొంతు జీరగా ఉంటుంది. అందుకని ఆరు రోజుల మాటలు దాచుకుని గురువారం పట్టుకెళ్ళేవాణ్ణి. పాలవాడు ఏమన్నాడు, ఎవరి ఇంట్లో పెళ్ళి, ఎవరు పోయారు, వర్క్‌షాపు గంట ఎన్నింటికి మోగింది, అన్నీ చెప్పేవాణ్ణి. అతను నురగ మధ్యలోంచి ఠీక్ అనేవాడు.

మా ఇంటి నుంచి సాలువా రోడ్డుకి సైకిల్ మీదే వెళ్తాను. మొన్న వానాకాలం పోయాక నాకు ఆయాసం మొదలైంది. దారిలో చిన్న ఎత్తు ఒకటుంది. ఎప్పుడూ తొక్కుకుంటూ ఎక్కేసేవాణ్ణి. ఒక గురువారం సగంలో దిగి తోసుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది. పదిన్నరకి చేరాల్సినవాణ్ణి పదకొండుంపావుకి చేరాను.

షైని అంది, "ఏటయిపోనారు సినమావయ్యా? మూడుసార్లు కుర్సీ గుమ్మంకేసి తిప్పించుకున్నాడు."

కృపారావు నన్ను చూసి మొహం తిప్పేసుకున్నాడు. ఆ రోజు నురగ పెట్టేదాకా ఠీక్ అనలేదు. కాళ్ళలో కాస్త బలం తెచ్చుకోవాలి అనుకున్నాను. లేకపోతే ఈ ఒక్క పనీ పోతుంది.

అదే నెలలో గిరిబాబు నడిచే మిషన్ కొన్నాడు. వాడికి సుగర్ వచ్చింది, రోజూ గంట నడవమన్నారు. డ్యూటీ చేసొచ్చి మళ్ళీ వీధిలో ఎవడు నడుస్తాడని మిషనే ఇంటికి తెచ్చాడు. ముందుగదిలో అప్పలనర్సమ్మ మంచం ఉండే చోట పెట్టారు. వేరే చోటు లేదు.

"నాన్నా, నువ్వు మట్టుకు దీని మీదికెక్కకు. నడుం ఇరిగిపోద్ది" అన్నాడు గిరిబాబు.

"ఎంత నడిసినా ఇంట్లోనే ఉండిపోయే బండి నాకెందుకురా" అన్నాను.

మీనాకుమారి వంటింట్లోంచి నవ్వింది. "ఆయనకి సెప్పండి మావయ్యా, రోజూ ఎక్కమని. పది రోజులు పోతే ఇది నా తువ్వాళ్ళు ఆరేసుకోడానికే."

పది రోజులు కూడా పట్టలేదు. ఎనిమిదో రోజుకే దాని చేతికమ్మీ మీద రెండు తువ్వాళ్ళు, ఒక లుంగీ.

ఒక మంగళవారం పదిగంటలకి నేను ఆ తువ్వాళ్ళు తీసి నా మంచం మీద పెట్టాను. ప్లగ్గు పెట్టాను. గిరిబాబు ఆకుపచ్చ బటన్ నొక్కడం చూశాను. అదే నొక్కాను. కింద ఉన్న రబ్బరు పట్టా మెల్లగా వెనక్కి జరగడం మొదలుపెట్టింది. కమ్మీ పట్టుకుని నడిచాను. ఏమీ కష్టంగా లేదు. బాణం గుర్తున్న బటన్ నొక్కితే వేగం పెరిగింది. ఇంకోసారి నొక్కాను.

బాగుంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. అడుగున రోలర్లు తిరిగే చప్పుడు, పాదాల కింద అదురు, చేతిలో ఇనపకమ్మీ. వ్యాగను మెట్టు మీద నిలబడి కమ్మీ పట్టుకుని వెళ్తున్నట్టే ఉంది. కళ్ళముందు కిటికీ ఉంది కానీ నేను కిటికీని చూడటం లేదు. చెమట పట్టింది. ఆయాసం రాలేదు. కృపారావు ఇంటి దారిలోని ఎత్తు ఇంక ఒక లెక్కా అనుకున్నాను.

కాసేపటికి దిగాలనిపించింది. ఎర్ర బటన్ ఎదురుగా ఉంది. నేను చూశాను కూడా. కానీ చేయి దాని మీదికి పోలేదు. షంటింగ్ జమాదారు ఎవడూ బండి ఆగేదాకా ఆగి దిగడు. అలా ఆగితే పని సాగదు. ముప్పై నాలుగేళ్ళు కదిలే వ్యాగను ఎక్కాను, కదిలే వ్యాగను దిగాను. దానికొక పద్ధతుంది. బండి పోయేవైపే మొహం ఉండాలి. కమ్మీ వదిలి, పక్కకి దిగి, దిగాక నాలుగడుగులు బండితోపాటు ముందుకి పరిగెత్తాలి. పరిగెత్తకుండా నిలబడితే పడిపోతావు. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ నేనే ఇది నేర్పాను.

అలాగే దిగాను. ముందుకి మొహం పెట్టి, కమ్మీ వదిలి, పక్కకి దిగి, పరిగెత్తాను.

నాలుగో అడుగు పడలేదు. మూడో అడుగులో ఇనపబీరువా తగిలింది.

నుదురు కొట్టుకుని నేలమీద కూర్చుండిపోయాను. అప్పుడర్థమైంది. బండి కదులుతోంది కానీ నేను ఎక్కడికీ పోవడం లేదు. ఉన్నచోటే ఉన్నవాణ్ణి, దిగి పరిగెత్తాను. ఆ సంగతి కాళ్ళకి తెలియలేదు.

నేల కదులుతూనే ఉంది. గచ్చు మొత్తం వెనక్కి జరిగిపోతోంది, బీరువా పక్కకి ఒరుగుతోంది. కళ్ళు మూసుకుంటే ఇంకా ఎక్కువ తిరిగింది. మిషన్ మాత్రం ఆగలేదు. దానిమీద ఎవరూ లేకపోయినా అదే వేగంతో తిరుగుతోంది. నేను మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి ప్లగ్గు పీకాను. తర్వాత అక్కడే పడుకున్నాను. పైన ఫ్యాను ఆపి ఉంది. అయినా తిరుగుతోంది.

ఎంతసేపు పడుకున్నానో తెలియదు. ఎవరినైనా పిలుద్దామనుకున్నాను. ఎవరిని పిలవాలో ఆలోచిస్తూ ఉండగానే కొంచెం తగ్గింది. లేచి, తువ్వాళ్ళు, లుంగీ ఎలా ఉన్నవి అలాగే కమ్మీ మీద ఆరేశాను.

సాయంత్రం మీనాకుమారి నుదురు చూసింది. "ఏటయినాది మావయ్యా?"

"బాత్రూం గుమ్మం తగిలిందమ్మా."

"ఆ గుమ్మం మీకంటే మూరెడు ఎత్తుంటాది గదా."

"పొరపాటున ఎగిరినాను."

ఆమె కాసేపు నన్నే చూసింది. గిరిబాబు రాగానే ఇద్దరూ వంటింట్లో ఏదో అనుకున్నారు. నేను నిజం చెప్పలేదు. చెబితే గిరిబాబు ముందు ఆపేది సైకిలే. అదివరకే రెండుసార్లు అన్నాడు, నాన్నా ఈ వయసులో నీకు సైకిలెందుకని. సైకిల్ పోతే గురువారం పోతుంది.

బుధవారం గడిచింది. తిన్నగా కూర్చుంటే బాగానే ఉంది. తల వంచితే తిరుగుతోంది. పక్కకి చప్పున తిప్పితే తిరుగుతోంది. చెప్పులు వేసుకోడానికి వంగి, గోడ పట్టుకుని నిలబడ్డాను. తల వంచకుండా, తిప్పకుండా ఉంటే సరిపోతుంది కదా అనుకున్నాను.

గురువారం కత్తి, పటిక సంచిలో వేసుకుని సైకిలెక్కాను. సందు దాటాను. ఖరిదా బజారు దాకా తల నిటారుగా పెట్టుకుని వెళ్ళాను. మలుపులో వెనకేమన్నా వస్తోందా అని తల తిప్పాను. అంతే. బజారంతా గిర్రున తిరిగింది. సైకిల్ తీసుకెళ్ళి ఆగి ఉన్న టోటో రిక్షాకి ఆనించాను, లేకపోతే పడిపోయేవాణ్ణి.

టోటో నడిపే ఆయన దిగొచ్చి నా భుజం పట్టుకున్నాడు. "దాదూ, కీ హోలో?"

"కిఛు నా. ఠీక్ ఆఛి" అన్నాను. ఏమైంది తాతా అని అడిగితే ఏమీ కాలేదు, బాగానే ఉన్నానన్నాను.

"ఇంటికి దిగబెట్టనా?" అని బెంగాలీలోనే అడిగాడు. ఇల్లెక్కడో చెబితే ఆయన ఇంటికే తీసుకెళ్తాడు. వద్దన్నాను. సైకిల్ దిగే ఉన్నాను. హ్యాండిలు పట్టుకుని, దాని మీద ఆనుకుని నడవడం మొదలుపెట్టాను. సాలువా రోడ్డు దాకా అలాగే నడిచాను. సైకిల్ నన్ను మోయలేదు, నేను దాన్ని మోయలేదు. ఒకరికొకరం ఆనుకుని వెళ్ళాం.

చేరేసరికి పన్నెండు దాటింది. కృపారావు గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్నాడు. మెడచుట్టూ తువ్వాలు అప్పటికే ఉంది.

షైని అంది, "అన్నం తినమంటే తోసేస్తన్నాడు. నీల్లు రెండుసార్లు సల్లారిపోనాయి. ఏటయినాది సినమావయ్యా?"

"టైరు పంచరమ్మా."

ఆమె సైకిల్ వైపు చూసింది. రెండు టైర్లలోనూ గాలి బాగానే ఉంది. నీళ్ళు మళ్ళీ పెట్టింది.

బ్రష్షుతో నురగ పట్టించాను. అతని తల నా కడుపుకి ఆనించుకుని ముందు ఎడంచెంప గీశాను. నేను నిటారుగానే ఉన్నాను, ఇబ్బంది లేదు. కుడిచెంప గీశాను. ఆ వైపు చర్మం వదులైపోయింది, వేళ్ళతో లాగి పట్టుకోవాలి. అదీ అయింది. పాలవాడి మాట ఒకటి చెప్పాను. అతను ఠీక్ అన్నాడు. కోపం తగ్గింది.

ఇంక దవడ కింద, గొంతు. దానికి నేను ముందుకొచ్చి, వంగి, కింద నుంచి చూడాలి.

వంగాను. గొంతు రెండు గొంతులైంది. కత్తి పట్టుకున్న నా చేయి ఎక్కడుందో నాకు తెలియలేదు. వెంటనే చేయి వెనక్కి తీసి, లేచి నిలబడి, కుర్చీ వీపు పట్టుకున్నాను. తగ్గేదాకా ఆగి మళ్ళీ వంగాను. మళ్ళీ అంతే. ఈసారి కత్తి మొన మీద కాస్త నురగ ఉంది. అది అతని గొంతు మీదదే. ఎప్పుడు తగిలిందో నాకు తెలియదు.

కృపారావు గడ్డం పైకెత్తే ఉన్నాడు. "ఠీక్" అన్నాడు, కానీయమన్నట్టు.

నేను కత్తి మడిచాను. అతని ఎదురుగా నేలమీద కూర్చున్నాను.

"కృపారావూ, నానొక తప్పు సేసినాను. మావోడు నడిసే మిసనొకటి కొన్నాడు. పట్టా ఎనక్కి పోతాది, మనం దానిమీద నడస్తాం. ఉన్నకాడే ఉంటాం. దానిమీదికెక్కినాను."

అతను వింటున్నాడు.

"దిగినప్పుడు ఆపలేదు. యార్డులో దిగినట్టు దిగినాను. దిగి పరిగెత్తినాను."

మొదట అర్థం కాలేదనుకున్నాను. తర్వాత అతని ఎడమభుజం కదిలింది. ఎడమవైపు పెదవి పైకి లేచింది. మొహం మీద సగం నురగ, సగం నవ్వు. కడుపు కదిలేలా నవ్వాడు, శబ్దం లేదు. షైని పరిగెత్తుకొచ్చింది, ఏదో అయిపోయిందని. ఒంట్లో బాగున్న రోజుల్లో కూడా అతను అంతగా నవ్వగా నేను చూడలేదు. డ్రైవరు కదా. కదలని బండిలోంచి దూకి పరిగెత్తిన జమాదారుని తలుచుకుంటే నవ్వు రాకేం. నేనూ నవ్వాను. నవ్వితే తల తిరిగింది.

నవ్వడం అయ్యాక అతను మళ్ళీ గడ్డం పైకెత్తాడు. "ఠీక్."

"నా వల్ల కాదురా. నీ గొంతు రెండు కనపడతన్నాది. ఏ గొంతు గియ్యమంటావు?"

"ఠీక్" అన్నాడు. గడ్డం దించలేదు.

నేను షైనిని పిలిచాను. కత్తి ఆమె చేతిలో పెట్టాను.

"నానా? ఒద్దు సినమావయ్యా. మావయ్య మొకమ్మీద నానెలాగ సెయ్యెయ్యడం. ఆయన ఒప్పుకోడు. కొడుకు గీస్తానంటేనే ఒప్పుకోనేదు."

"తల నాను పట్టుకుంటాను. నువ్వు నాను సెప్పినట్టు గియ్యి."

కృపారావు నా మొహంలోకి చూశాడు. ఠీక్ అనలేదు. ఎడంచేత్తో ఆమెని తోసేస్తాడేమోనని చూశాను. తోయలేదు. ఆ చేయి కుర్చీ చేతికర్ర మీద అలాగే ఉంది. నేను వెనక్కి వెళ్ళి, గోడకి ఆనుకుని, అతని తల రెండు చేతుల్తో పట్టుకున్నాను.

"సర్మం లాగి పట్టుకో. గొంతు మీద పైనించి కిందికే గియ్యి. ఎదురు గియ్యకు. సెయ్యి అదరకుండా ఊపిరి బిగబట్టు. కంఠం ముడి కాడ కత్తి పడుకోబెట్టు."

షైని చెప్పినట్టే చేసింది. నాకంటే మెల్లగా, నాకంటే శుభ్రంగా. ఒక్క గాటు పడలేదు. నాకు కృపారావు మొహం తలకిందులుగా కనిపిస్తోంది. కళ్ళు తెరిచి నన్నే చూస్తున్నాడు.

పటిక రాయడం అయ్యాక షైని కత్తి కడిగి నా సంచిలో పెట్టబోయింది.

"ఇక్కడుంచమ్మా" అన్నాను.

"మరి మీరు వొచ్చినప్పుడో?"

"ఇక్కడే ఉంటాది గదా."

ఆమోసు డ్యూటీ నుంచి వచ్చి తన బండి మీద నన్ను ఇంటికి దిగబెట్టాడు. సైకిల్ని మర్నాడు గిరిబాబు తెచ్చాడు. గురువారం సాయంత్రమే నేను వాడికి అన్నీ చెప్పాను. వాడు అరవలేదు. అరిస్తే బాగుండేది. మిషన్ మీద తువ్వాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు.

"నాన్నా, నువ్వు ఒక్కడివీ పడిపోయి ఉంటే సాయంత్రం దాకా మాకు తెలీదు" అన్నాడు.

"తెలీదు" అన్నాను.

ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. చెవి లోపలిదట. దెబ్బకి అక్కడేదో కదిలిందట. కొన్ని వారాల్లో తగ్గొచ్చు, ఈ వయసులో మళ్ళీ మళ్ళీ రావచ్చు. సైకిల్ వద్దు, ఎత్తులెక్కొద్దు, వంగి పనులు చెయ్యొద్దు. గిరిబాబు సైకిల్ ఎవరికీ ఇచ్చేయలేదు, తాళం కూడా వేయలేదు. రెండు టైర్లలో గాలి తీసేశాడు.

"ఆదివారం నేనే బండి మీద తీసుకెల్తాన్లే కృపారావు మామ కాడికి" అన్నాడు. ఆ ఆదివారం ఓవర్‌టైం పడింది. వాడి తప్పు కాదు.

గురువారం వచ్చింది. తొమ్మిదింటికే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాను. ఎందుకు వేసుకున్నానో నాకే తెలియదు. పదిన్నరయింది. షైని నీళ్ళు పెట్టి ఉంటుంది. కృపారావు కుర్చీ గుమ్మంవైపు తిప్పించుకుని ఉంటాడు. నేను రాలేదని ఆమెని తోసేసి ఉంటాడు. అన్నం వద్దని ఉంటాడు. అలా జరగాలని కోరుకోవడం తప్పని తెలుసు. కోరుకున్నాను.

పదకొండింటికి నేనే ఫోను చేశాను.

"గీసినావా అమ్మా?"

"గీసీసినాను సినమావయ్యా. ఒక్క గాటు కూడా పడనేదు."

"ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు. సగం అయ్యేసరికి నిద్దరోయినాడు. ఇదిగో, గుర్రెడతన్నాడు. ఫోను ఆయన సెవికాడ ఎట్టమంటారా?"

రెండేళ్ళలో నా చేతికింద అతను ఒక్కసారి కూడా నిద్రపోలేదు.

"ఒద్దమ్మా, పడుకోనీ" అన్నాను.

"అలాగే. మీ తల ఎలాగున్నాది? మందులేసుకోండి. ఉంటాను మరి, పొయ్యి మీద కూరున్నాది."

"షైనీ, గొంతుకాడ కిందికే గీసినావు గదా?" అని అడిగాను.

అప్పటికే ఫోను పెట్టేసింది.